తేలే గొట్టం, మునిగిన రుచి

అరిసెలు వండేటప్పుడు మా అమ్మమ్మ పొయ్యి పక్కన చిన్న పళ్ళెంలో చన్నీళ్ళు పోసి పెట్టుకునేది. మరుగుతున్న బెల్లప్పాకం ఒక చుక్క అందులో వేసి వేళ్ళతో ఉండ చేసి చూసేది. ఉండ కుదిరితే పాకం వచ్చినట్టు. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మనవాళ్ళు పెట్టుకున్న పేర్లన్నీ నిజానికి ఒకే ప్రశ్నకి జవాబులు: ఈ నీళ్ళలో తీపి ఎంత చిక్కగా ఉంది? అదే ఊళ్ళో పాలకేంద్రం అతను పాలు పోసిన గొట్టంలోకి లాక్టోమీటరు వదిలి, అది ఎక్కడిదాకా మునిగిందో చూసి, "నీళ్ళు కలిపారండీ" అనేవాడు. నీళ్ళు కలిస్తే పాలు పల్చబడతాయి, గాజుబుడ్డి కిందికి దిగుతుంది. మా అమ్మమ్మ వేళ్ళూ పాలకేంద్రం అతని గాజుబుడ్డీ కొలిచేది ఒకేలాంటి సంగతినే అని నాకు తట్టడానికి పాతికేళ్ళు పట్టింది. తట్టింది కూడా ఎక్కడో కాదు, మా గరాజులో, నేను పాడుచేసుకున్న బీరు ముందు.

పాడైందంటే తాగలేనంతగా కాదు. అప్పటిదాకా సీసాలో వచ్చే మాల్టు పాకాన్ని నీళ్ళలో కలిపి బీరు కాచేవాణ్ణి. మొదటిసారి అసలు గింజతోనే, అంటే ఆల్-గ్రెయిన్ పద్ధతిలో మొదలుపెట్టాను. నాలుగున్నర కిలోల మాల్టు, 19 లీటర్ల బీరు, చేరాల్సిన గ్రావిటీ 1.050. ఇక్కడ గ్రావిటీ అంటే నీటితో పోలిస్తే ఆ ద్రవం ఎన్నిరెట్లు బరువు అన్న లెక్క. నీళ్ళు 1.000 అయితే, మాల్టులోని చక్కెర దిగిన ద్రవం (దీన్ని వోర్ట్ అంటారు) 1.050 ఉండాలి. ఈస్ట్ ఆ చక్కెర తిని 1.012 దగ్గర ఆగితే, సుమారు 5 శాతం ఆల్కహాలు వస్తుంది. నాకు వచ్చింది 1.041. అది ఆగింది 1.010 దగ్గర. 4 శాతం చిల్లర ఉన్న పల్చటి, చప్పటి బీరు. "టీ డికాక్షన్ కాచి చల్లార్చినట్టుందిరా" అన్నాడు మొదటి గ్లాసు అందుకున్న స్నేహితుడు. వాడు అబద్ధం ఆడడు.

ఎక్కడ తప్పుందో వెతుక్కున్నాను. మంచి పేల్ మాల్టు కిలోకి సుమారు 300 పాయింట్లు ఇవ్వగలదు. అంటే ఒక కిలోలో ఉన్నదంతా ఊడ్చి తీస్తే, ఆ తీపి పది లీటర్లకి 30 పాయింట్ల చొప్పున, 1.030గా వస్తుందన్నమాట. నాలుగున్నర కిలోలకి 1350. 19 లీటర్లకి పంచితే 71. ఇంట్లో కాచేవాళ్ళకి దానిలో 70 శాతం దక్కితే చాలనుకుంటారు. అలా 50 రావాలి. నాకు 41 వచ్చిందంటే దక్కింది 58 శాతమే. మిగిలింది గింజలోనే ఉండిపోయింది. కారణం తర్వాత తెలిసింది: కొన్నచోట మర మధ్య సందు ఎక్కువ పెట్టి ఆడించారు. సగం గింజలు పగలనే లేదు. పగలని గింజలోకి నీరెక్కదు, పిండి చక్కెరగా మారదు. పైగా గింజ మీద చివర్లో పోసి కడగాల్సిన వేడినీళ్ళని (దీన్ని స్పార్జింగ్ అంటారు) ఒక్కసారిగా దబ్బున పోసేశాను. బియ్యం కడిగినట్టు కడిగితే తీపి దిగదు, నింపాదిగా పొయ్యాలి.

దీనికి విరుగుడు ఉంది, లెక్క కూడా సులువే. పాయింట్లని లీటర్లతో గుణిస్తే వచ్చే సంఖ్య మరిగించినంత మాత్రాన మారదు. 41 ఇంటూ 19 అంటే 779. దాన్నే 50 చెయ్యాలంటే 15.6 లీటర్లకి మరగబెట్టాలి, అంటే మూడు లీటర్ల పైచిలుకు ఆవిరై పోవాలి. లేదా కొంచెం మాల్టు పాకం కలపాలి. ఈ గుణకారం అప్పుడు చేసి ఉంటే గట్టున పడేవాణ్ణి. చెయ్యలేదు. వోర్ట్ వేడిగా ఉండగానే హైడ్రోమీటరు ముంచి, 1.030 దగ్గర చూసి, కంగారుపడి, తర్వాత వేడికి నీళ్ళే పలచబడతాయని గుర్తొచ్చి (60 డిగ్రీల దగ్గర నీటి సాంద్రతే 0.983కి పడిపోతుంది), ఇక ఆ గాజుగొట్టాన్ని నమ్మడం మానేశాను.

ఆ కోపంలోనే దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేమిటంటే, నేను తిట్టుకున్నట్టే దీన్ని తిట్టుకున్నవాళ్ళు రెండు వందల యాభై ఏళ్ళ కిందటే ఉన్నారు. వాళ్ళ తిట్లలో నాకంటే ఎక్కువ న్యాయం కూడా ఉంది.

తేలే వస్తువుతో ద్రవాన్ని కొలవడం బీరుకంటే చాలా పాత సంగతేం కాదు గానీ, బీరు కొలతకంటే చాలా పాత సంగతి. అలెగ్జాండ్రియాలో హైపేషియాకి ఆమె శిష్యుడు సినీసియస్ రాసిన ఉత్తరంలో ఇలాంటి గొట్టం ఒకటి చేయించి పంపమని అడుగుతాడు. ఆమె చనిపోయింది 415లో. అరబ్బు పండితుల పుస్తకాల్లోనూ ఇది కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ దీన్ని మళ్ళీ ప్రచారంలోకి తెచ్చాడు. కానీ బీరు కాచేవాళ్ళు మాత్రం దీని జోలికి పోలేదు. తేనెతో మీడ్ చేసేవాళ్ళ దగ్గర కోడిగుడ్డు ఉండేది: ద్రవంలో గుడ్డు వేస్తే దాని నెత్తి ఎంత మేర, ఏ నాణెమంత మేర, పైకి కనిపిస్తోందో చూసేవాళ్ళు. 1669లో అచ్చయిన కెనెల్మ్ డిగ్బీ వంటల పుస్తకంలో ఈ గుడ్డు పరీక్ష కనిపిస్తుంది. నాకు ఇది అమ్మమ్మ చన్నీళ్ళ పళ్ళానికి దూరపు చుట్టంలా అనిపిస్తుంది.

18వ శతాబ్దపు మొదట్లో ఇంగ్లండులో బీరు కాచడం ఎలా ఉండేదో ఊహించుకోండి. థర్మామీటరు కూడా లేదు. మరిగిన నీళ్ళు తొట్టిలో పోసి, ఆవిరి తగ్గి నీటిలో తన మొహం తనకి కనిపించేదాకా ఆగి, అప్పుడు మాల్టు వేసేవాడు బ్రూయరు. వింటే నవ్వొస్తుంది గానీ, అది పనిచేసే పద్ధతే. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములకి 65 నుంచి 68 డిగ్రీలు నప్పుతుంది. చల్లటి గింజ వేశాక నీటి వేడి తగ్గుతుంది కాబట్టి మొహం కనిపించే వేడి దగ్గర మొదలుపెడితే దాదాపు సరిపోయేది. అదే మాల్టు మీద రెండుమూడు సార్లు నీళ్ళు పోసి తీసేవాళ్ళు. మొదటి నీళ్ళు చిక్కటి బీరు, చివరి నీళ్ళు ఇంట్లో పిల్లలు సైతం తాగే పల్చటి స్మాల్ బీరు. చిక్కదనం వేలికి అంటే జిగురుని బట్టి, నాలుకని బట్టి తెలిసేది. లెక్క అంటూ ఉంటే ఒక్కటే: ఒక క్వార్టర్ మాల్టుకి ఎన్ని పీపాలు దిగాయి. క్వార్టర్ అనేది ఎనిమిది బుషెళ్ళ కొలత. బరువు కాదు, కుంచాలతో కొలిచినట్టు కొలత. వానలు సరిగా పడని ఏడాది గింజ తేలికగా, తాలుగా వచ్చినా క్వార్టర్ క్వార్టరే. పీపాల లెక్క తప్పదు, బీరు మాత్రం పల్చబడుతుంది. ఎందుకు పల్చబడిందో ఎవరికీ తెలీదు. నీళ్ళ మీదో, వాతావరణం మీదో, కూలివాడి మీదో పడేది నేరం.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి జేమ్స్ బావర్‌స్టాక్. హాంప్‌షైర్‌లో ఆల్టన్ అనే చిన్న ఊళ్ళో తండ్రి బ్రూయరీలో పనిచేస్తుండేవాడు. మైకేల్ కోంబ్రూన్ అనే బ్రూయరు 1758లోనే బీరు కాచడానికి థర్మామీటరు వాడమని రాశాడు. అది చదివి మనవాడు ఒకటి తెచ్చుకున్నాడు. తండ్రికి ఇలాంటి కొత్త పోకడలంటే కిట్టేది కాదు. అందుకని ఆయన కంట పడకుండా దాచి వాడుకునేవాడట. 1768లో లండన్‌లో బెంజమిన్ మార్టిన్ అనే పనిముట్ల తయారీదారు దగ్గర హైడ్రోమీటరు కూడా కొన్నాడు. అది సారాయి కొలవడానికి చేసినది. దాన్ని వోర్ట్‌లో ముంచి చూశాడు. ఒకటే మాల్టు, ఒకటే నీళ్ళు అనుకున్నవి రోజుకో సంఖ్య చూపించాయి. నా 41 చూసినప్పుడు నాకెలా ఉందో ఆయనకీ అలాగే ఉండి ఉంటుందని నా ఊహ. తేడా ఏమిటంటే, ఆయన గొట్టాన్ని నమ్మాడు.

ఈ సంగతి పెద్దవాళ్ళకి చెబుదామని 1770 ప్రాంతంలో శామ్యూల్ విట్‌బ్రెడ్ దగ్గరికి వెళ్ళాడు. లండన్ పోర్టర్ బ్రూయర్లలో ఆయన మహామహుడు. ఇలాంటి పగటికలలు మాని ఊరికెళ్ళి నీ పని నువ్వు చూసుకో అన్న అర్థం వచ్చేలా మాట్లాడి పంపేశాడు. విట్‌బ్రెడ్ ఛాందసుడేమీ కాదు. అదే మనిషి 1785లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని తన బ్రూయరీలో పెట్టించాడు. ఆ యంత్రం చూడ్డానికి రెండేళ్ళ తర్వాత రాజూ రాణీ కూడా వచ్చారు. మరి గుప్పెడంత గొట్టాన్ని ఎందుకు కాదన్నట్టు? నాకు తోచే సమాధానం ఇది: ఆవిరి యంత్రం గుర్రాల పని చేస్తుంది, గుర్రాలకి అభ్యంతరం లేదు. హైడ్రోమీటరు బ్రూయరు నాలుక పని చేస్తుంది. నలభై ఏళ్ళ అనుభవాన్ని ఒక కుర్రాడు గాజుగొట్టంతో పరీక్ష పెడతానంటే, అందులో తప్పితే? ఆఫీసులో పాత కోడ్ రాసిన పెద్దాయన ముందు మొదటిసారి ప్రొఫైలరు పెట్టి, "సార్, టైమంతా ఈ ఫంక్షన్‌లోనే పోతోంది" అన్న కుర్రాణ్ణి నేను. ఆయన మొహం ఇంకా గుర్తుంది. విట్‌బ్రెడ్ మీద నాకు కోపం రాదు.

బావర్‌స్టాక్‌ని ఆదరించింది హెన్రీ థ్రేల్. సదర్క్‌లో పెద్ద బ్రూయరీ ఉన్న ఈయన నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్‌కి ఆప్తమిత్రుడు కూడా. 1781లో థ్రేల్ చనిపోయాక ఆ బ్రూయరీని 1,35,000 పౌండ్లకి అమ్మిన వ్యవహారంలో జాన్సన్ స్వయంగా తలమునకలై తిరిగాడు. అంత సొమ్ము మారే వ్యాపారంలో సరుకు చిక్కదనం మాత్రం వేళ్ళతో చూసుకునేవాళ్ళంటే నమ్మబుద్ధి కాదు.

అయితే పేరు దక్కింది ఇంకొకరికి. హల్ పట్టణానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ 1784లో 'స్టాటికల్ ఎస్టిమేట్స్' అన్న పేరుతో పుస్తకం వేశాడు. స్టాటికల్, స్టాటిస్టికల్ కాదు. తూకానికి సంబంధించిన అన్న అర్థంలో వాడాడు. ఆ రెండో మాట ఈ కథలోకి మరో నూట ఇరవై ఏళ్ళకి వస్తుంది. తన పనిముట్టుకి సాకరోమీటర్ అని పేరు పెట్టాడు. బావర్‌స్టాక్ మరుసటి ఏడాది తన ప్రయోగాల పుస్తకం వేశాడు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. రిచర్డ్‌సన్ చేసిన తెలివైన పని, గ్రావిటీని బ్రూయరుకి అర్థమయ్యే కొలతలోకి మార్చడం. ఒక పీపా వోర్ట్ ఒక పీపా నీళ్ళకంటే ఎన్ని పౌన్లు ఎక్కువ బరువుంది? అంతే. తర్వాతి కాలపు 36 గాలన్ల పీపాలో నీళ్ళు 360 పౌన్లు తూగుతాయి. కాబట్టి నా 1.050 అంటే 18 పౌన్లు. దశాంశ బిందువు చూస్తే బెదిరిపోయే మనిషికి కూడా పౌన్లు తెలుసు. ఒక క్వార్టర్ మాల్టు ఎన్ని పౌన్ల సారం ఇస్తుందో ఇక లెక్క కట్టుకోవచ్చు. ఈ రోజు ఇంట్లో బీరు కాచేవాళ్ళు రాసుకునే ఎఫిషియెన్సీ శాతం, ఏ వేషం మార్చినా, రిచర్డ్‌సన్ లెక్కే.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది.

లండన్ ప్రాణం పోర్టర్ అనే నల్లటి బీరు. రేవుల్లో, వీధుల్లో మోతకూలీలు తాగేది కాబట్టి ఆ పేరు. దాని రంగూ రుచీ బ్రౌన్ మాల్టు నుంచి వచ్చేవి. కట్టెల మంట మీద జోరుగా వేయించిన మాల్టు అది; కొంచెం పొగ వాసన కూడా ఉండేది. ధర తక్కువ. దాంతోనే తరాల తరబడి పోర్టర్ కాచారు. సాకరోమీటరు వచ్చి ఒక్క ప్రశ్న అడిగింది: పేల్ మాల్టు క్వార్టర్‌కి ఎన్ని పౌన్లు, బ్రౌన్ మాల్టు క్వార్టర్‌కి ఎన్ని? మాడేలా వేయించినప్పుడు పిండీ పోతుంది, ఎంజైములూ చస్తాయి. బ్రౌన్ మాల్టు సారం బాగా తక్కువని తేలింది. బస్తా ధర చూస్తే చవక, పౌను సారానికి కట్టి చూస్తే ఖరీదు. అంతదాకా ఎవరికీ కనబడని ఈ సంగతి పట్టికలో అంకెలుగా కనబడేసరికి, ఎంత పాతకాలపు బ్రూయరైనా చూడనట్టు నటించలేకపోయాడు. పైగా నెపోలియన్ యుద్ధాల రోజుల్లో మాల్టు మీద పన్ను విపరీతంగా పెరిగింది. పన్ను గింజ మీద. ఎక్కువ గింజ వాడితే ఎక్కువ పన్ను.

కొద్దికొద్దిగా పోర్టర్‌లో బ్రౌన్ మాల్టు తగ్గి, పేల్ మాల్టు పెరిగింది. చిక్కదనం అలాగే ఉంది, గొట్టం అదే సంఖ్య చూపించింది. కానీ పోర్టర్ రంగు పాలిపోయింది. నల్లగా లేని పోర్టర్‌ని జనం ఒప్పుకోరు. చక్కెర మాడ్చి కలిపారు. కొన్నాళ్ళు చట్టం దీన్ని ఒప్పుకుంది కూడా. ఆ సందులో ఇంకా ఏవేవో దూరాయి: చేదు కోసం హాప్స్‌కి బదులు క్వాసియా చెక్క, మత్తు కోసం మన దేశం వైపు నుంచి వెళ్ళే కాక్యులస్ ఇండికస్ అనే విషపు కాయ. మన దగ్గర కాకమారి అంటారు, చేపలు పట్టడానికి నీళ్ళలో వేసేవాళ్ళు. కల్లులో ఏవేవో కలుపుతారని మనం విన్న కథలకి లండన్ ఏమీ తీసిపోలేదు. ఫ్రెడ్రిక్ ఆకమ్ 1820లో కల్తీల మీద వేసిన పుస్తకంలో బీరుకి పెద్దపీటే వేశాడు. 1816లో పార్లమెంటు మాల్టు, హాప్స్ తప్ప మరేదీ, రంగు కోసమైనా సరే, బ్రూయరీలో ఉండకూడదని చట్టం చేసింది. ఇప్పుడేం చెయ్యాలి? మరుసటి ఏడాదే డానియెల్ వీలర్ కాఫీగింజలు వేయించే పీపాలాంటి దానిలో మాల్టుని నల్లగా మాడ్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇది మాల్టే కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. గుప్పెడు వేస్తే చాలు, బీరంతా నల్లన. మిగతాదంతా లాభసాటి పేల్ మాల్టు.

ఇవాళ స్టౌట్ తాగి "కాఫీలా ఉంది" అని మెచ్చుకునేవాళ్ళు (నేనూ అందులో ఒకణ్ణే) మెచ్చుకునేది ఈ మాడ్చిన మాల్టు వాసన. అది పాత లండన్ పోర్టర్ రుచి కాదు. దాని జాగాలో దాని రంగు వేసుకుని కూర్చున్న రుచి. పాత బ్రౌన్ మాల్టుతో పూర్తిగా కాచిన పోర్టర్ ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, ఎందుకంటే అలా వేయించేవాళ్ళూ పోయారు. అప్పట్లో కొలవడానికి వీలైంది చక్కెర ఒక్కటే. పొగ వాసనకి, నోట్లో నిలిచే గుణానికి గొట్టం లేదు. కొలతకి లొంగినది నిలబడింది, లొంగనిది పోయింది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. ప్రతి బ్రూయరూ తన పుస్తకంలో తన లెక్క తాను సరిగ్గానే వేసుకున్నాడు. నన్నడిగితే ఇది నష్టమే. ఆ రోజుల్లో బ్రూయరుగా ఉండి ఉంటే నేనూ అదే చేసి ఉండేవాణ్ణి, అది వేరే సంగతి.

బ్రూయర్లు నమ్మిన గొట్టాన్ని చివరికి సర్కారు కూడా నమ్మింది. 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు పన్నుని ఎత్తేసి, పన్నుని వోర్ట్ గ్రావిటీ మీద పెట్టాడు. 1.057 ఉన్న 36 గాలన్ల పీపాకి 6 షిల్లింగుల 3 పెన్నీలు. అంతకంటే చిక్కనైతే ఎక్కువ, పల్చనైతే తక్కువ. ఈస్ట్ తినకముందు కొలిచే ఈ సంఖ్యకే ఒరిజినల్ గ్రావిటీ అన్న పేరు స్థిరపడింది. ఇంటి బీరు వంటకాల్లో ఓజీ అని రాసేది దాన్నే. గింజ మీద పన్ను పోయింది కాబట్టి ఏం వేసి కాచుకున్నా సరే: చక్కెర, మొక్కజొన్న, బియ్యం, మొలకెత్తించని బార్లీ. ఇప్పుడు ఐరిష్ స్టౌట్ అనగానే తలుచుకునే వేయించిన పచ్చి బార్లీకి చట్టం దారి వదిలింది అప్పుడే. బ్రిటన్‌లో 1993 దాకా బీరు పన్ను ఈ ఒరిజినల్ గ్రావిటీ మీదే నడిచింది. ఆ తర్వాతే తయారైన బీరులో ఆల్కహాలు శాతం మీదికి మారింది.

ఈ పన్నుతో టార్గెట్ గ్రావిటీ అన్నమాటకి పదును వచ్చింది. తక్కువ వస్తే తాగేవాడు ఊరుకోడు. ఎక్కువ వస్తే ఆ ఎక్కువకి పన్ను కట్టాలి. అటు నుయ్యి, ఇటు గొయ్యి. రోజుకి వందల పీపాలు కాచేచోట ఒకటి రెండు పాయింట్లంటే చిన్న మాట కాదు. అందులో డబ్లిన్ గిన్నెస్ అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బ్రూయరీల్లో ఒకటి. 19వ శతాబ్దం చివర్లో వాళ్ళు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి సైన్సు చదివిన కుర్రాళ్ళని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1899లో అలా వచ్చినవాడు విలియం సీలీ గోసెట్. చదివింది గణితం, కెమిస్ట్రీ.

గోసెట్ ముందున్న చిక్కు నా గరాజు చిక్కే, పెద్ద ఎత్తున. మాల్టు నుంచి ఎంత సారం వస్తుందో ప్రయోగశాలలో చిన్న నమూనా మీద కొలుస్తారు. అదే మాల్టుని రెండోసారి కొలిస్తే వేరే సంఖ్య. మూడోసారి ఇంకొకటి. ఏది నమ్మాలి? పోనీ వందసార్లు కొలిచి సగటు తీద్దామంటే ఖర్చు, ఆలస్యం. అప్పటి గణాంకశాస్త్రం దగ్గర పెద్ద నమూనాలకి జవాబులున్నాయి. వందలూ వేలూ కొలతలుంటే ఏం చెయ్యాలో కార్ల్ పియర్సన్‌కి తెలుసు. నాలుగే ఉంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. 1904లో గోసెట్ బ్రూయరీ లోపలి వాళ్ళ కోసం ఒక నివేదిక రాశాడు. మాల్టు సారం సరైన విలువకి అర డిగ్రీ అటూ ఇటూ లోపల ఉందని పదికి ఒకటి పందెం కాయగలగాలంటే ఎన్నిసార్లు కొలవాలి? ఆయన లెక్క ప్రకారం నాలుగుసార్లు. ఒక్కసారి చూసి నమ్మకు, నూరుసార్లు చూడక్కర్లేదు, నాలుగు చాలు.

చూశారా, ఈ ప్రశ్నలో ఎంత వ్యాపారజ్ఞానం ఉందో! నిజమా కాదా అని అడగలేదాయన. ఎంత తప్పుకి ఎంత ఖర్చు, ఎంత పందెం కాయొచ్చు అని అడిగాడు. 1906లో లండన్ వెళ్ళి పియర్సన్ దగ్గర ఏడాది ఉన్నాడు. 1908లో బయోమెట్రికా పత్రికలో చిన్న నమూనాల సగటులో ఉండే పొరపాటు గురించి వ్యాసం వేశాడు. ఉద్యోగులు తమ పేరు మీద ప్రచురించడం బ్రూయరీకి ఇష్టం లేదు కాబట్టి రచయిత పేరు 'స్టూడెంట్' అని పెట్టుకున్నాడు. అదే తర్వాత ఆర్. ఎ. ఫిషర్ చేతుల్లో మెరుగులు దిద్దుకుని స్టూడెంట్స్ టి-టెస్ట్ అయింది. ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీ పేపరు కోసం ఆ పట్టికని నేను ముక్కున పట్టి పరీక్ష రాశాను. ఉద్యోగంలో ఏ బటను రంగు మారిస్తే ఎక్కువమంది నొక్కుతారు అన్న పరీక్షల్లో దాన్నే వాడాం. ఆ 'స్టూడెంట్' ఎవరో విద్యార్థి అనుకున్నానే గానీ, మాల్టు గ్రావిటీ కుదరక తల పట్టుకున్న బ్రూయరని ఏ మేష్టారూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పేపర్లో ఇంకో పది మార్కులు వచ్చేవని నా నమ్మకం.

గోసెట్ ఎప్పుడూ ప్రొఫెసరు కాలేదు. జీవితమంతా గిన్నెస్‌లోనే చేసి, లండన్ పార్క్ రాయల్‌లో పెట్టిన కొత్త బ్రూయరీకి వెళ్ళి, 1937లో అక్కడ హెడ్ బ్రూయరైన కొద్దికాలానికే పోయాడు.

ఆ లోపు మొదటి ప్రపంచయుద్ధం గ్రావిటీలని ఎటు తీసుకెళ్ళిందో చెప్పకుండా ఈ కథ పూర్తవదు. గింజ తిండికి కావాలి. సర్కారు బీరు ఉత్పత్తి మీదా గ్రావిటీ మీదా ఆంక్షలు పెట్టింది. 1914లో బ్రిటన్ బీరు సగటు గ్రావిటీ 1.052 దగ్గర ఉండేది. యుద్ధం ముగిసే నాటికి 1.030కి పడిపోయింది. తర్వాత కొంత లేచింది గానీ మళ్ళీ పాత చోటుకి ఎన్నడూ రాలేదు. ఇంగ్లీషు బిట్టర్ బీరు సహజంగానే తేలికైనది, పెద్దమనిషి తరహా అని మనం చదివే మాటల వెనక, ఓడలు మునిగి గోధుమలు రాని నాలుగేళ్ళ కరువు కూడా ఉంది.

ఇంట్లో కాచుకునేవాళ్ళ సంగతి? 1880 చట్టం వాళ్ళకీ లైసెన్సు పెట్టింది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ అది ఎత్తేశాడు. అమెరికాలో మద్యనిషేధం 1933లోనే పోయినా, ఇంట్లో బీరు కాచడం చట్టం దృష్టిలో నేరంగానే ఉండిపోయింది. 1978 అక్టోబరులో కార్టర్ సంతకంతో, తర్వాతి ఫిబ్రవరి నుంచి, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా కాచుకోవచ్చన్నారు. పన్ను లేదు. అంటే ఇంటి బీరుకి గ్రావిటీ కొలవమని అడిగేవాడు ఎవడూ లేడు. తక్కువ వచ్చిందని జరిమానా లేదు, ఎక్కువ వచ్చిందని పన్ను లేదు. అయినా ఇంటి బ్రూయర్లంత పట్టుదలగా ఆ సంఖ్య వెంట పడేవాళ్ళు లేరు. నేనే సాక్షి. 1.050కి 1.048 వస్తే ఆ సాయంత్రమంతా మూడు బాగుండేది కాదు.

చెక్ దేశంలో పద్ధతి వేరు. ప్రాగ్‌లో కార్ల్ బాలింగ్ 1840లలో వోర్ట్‌లో నూటికి ఎంత పాలు చక్కెర ఉందో చెప్పే పట్టికలు వేశాడు. అక్కడ ఇప్పటికీ పబ్బులో పదో, పన్నెండో అని అడుగుతారు. అది ఆల్కహాలు శాతం అనుకుని బెదిరిపోయిన మనవాళ్ళని చూశాను. పన్నెండు అంటే మన లెక్కలో 1.048. వాళ్ళకి అది పన్ను అంకె కాదు, పరీక్ష అంకె కాదు. ఉండపాకం అన్నట్టు, తీగపాకం అన్నట్టు, ఒక రకం పేరు.

రెండోసారి కాచినప్పుడు సొంత మర కొనుక్కున్నాను. సందు తగ్గించి, గింజ రెండు మూడు ముక్కలయ్యేట్టు, పొట్టు మాత్రం పిండవకుండా ఆడించాను. పొట్టు నలిగితే వడపోత బిగిసిపోతుంది, ఆ పాఠం ఇంకో రోజు నేర్చుకున్నాను. కడిగే నీళ్ళు గరిటెతో, తొందరపడకుండా పోశాను. వోర్ట్‌ని చల్లార్చి, గోసెట్ మాట మీద నాలుగు నమూనాలు తీసి చూశాను: 1.049, 1.050, 1.048, 1.050. సగటు 1.049 పైచిలుకు. అదే స్నేహితుడు వచ్చాడు. గ్లాసు ఎత్తి వెలుతురులో పెట్టి చూసి, ఒక గుక్క తాగి, రెండో గుక్క కూడా తాగాక, "ఇది బావుంది, కానీ మొన్నటిదాంట్లో ఏదో వాసన ఉండేది, అదేమైంది?" అన్నాడు.